ఎడమ క్రాంక్‌లో పెడల్ మర పోయింది: ట్యాప్ కొట్టించాలా, బుష్ వేయించాలా, క్రాంకే మార్చాలా?

బ్యారేజీబాటసారి (విజయవాడ), ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గాని రాయడం ఇదే మొదటిసారి. ఇవాళ పొద్దున ప్రకాశం బ్యారేజీ మీద సీతానగరం వైపు వెళ్తుంటే ఎడమ పెడల్ కాలి కింద నుంచి ఊడి రోడ్డు మీద దొర్లింది. నేను పడలేదు, అదృష్టం. వెనకాల వస్తున్న ఆటో అతను ఆగి పెడల్ ఏరి చేతికిచ్చాడు. ఒంటి కాలితో తొక్కుకుంటూ, మధ్యమధ్య తోసుకుంటూ ఇంటికొచ్చా.

తప్పు నాదే అనుకుంటున్నా. పది రోజుల క్రితం హైదరాబాద్ నుంచి సైకిల్‌ని రైలు పార్సిల్‌లో తెచ్చుకున్నా. అట్టపెట్టెలో పట్టడానికి పెడళ్లు విప్పి, ఇక్కడికొచ్చాక నేనే బిగించా. కుడిది చక్కగా ఎక్కింది. ఎడమది మొదటి నుంచీ మొరాయించింది. పానా పట్టి కాస్త బలంగా తిప్పితే ఎక్కింది. ఎక్కిందిలే అని వదిలేశా.

ఇప్పుడు టార్చి వేసి చూస్తే, బయటి అంచు దగ్గర మరలు నలిగిపోయి ఉన్నాయి. పెడల్ ఇరుసు మరల్లో వెండి రంగు తీగ ముక్కలు చుట్టుకుని ఉన్నాయి. క్రాంక్ (పెడల్ బిగించే చేయి) అల్యూమినియం. దగ్గర్లోని షాపాయన "పెడల్‌ని క్రాంక్‌కి వెల్డింగ్ కొట్టించేద్దాం, ఇక ఊడదు" అంటున్నాడు. చేయించనా?

పంక్చర్‌పాపయ్య (రాజమండ్రి), ఆదివారం రాత్రి 9.52

వెల్డింగ్ సలహాకి ఒక దండం. ఉక్కు ఇరుసుని అల్యూమినియం క్రాంక్‌కి వెల్డింగ్ చేయడమంటే నీళ్లకీ నూనెకీ పెళ్లి చేయడం. ముహూర్తం పెట్టుకోకండి.

గొలుసుచప్పుడు (హైదరాబాద్), ఆదివారం రాత్రి 10.15

బ్రదర్, రంధ్రాన్ని అల్యూమినియంతోనే నింపి మళ్లీ మర కొడదాం అని ఇంకెవరో చెప్తారు, దానికీ ఒప్పుకోవద్దు. మంచి క్రాంక్‌లని వేడి శుద్ధి చేసి గట్టిపరుస్తారు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ గట్టిదనం పోతుంది. పెడల్ కన్ను (క్రాంక్ చివర మర ఉండే రంధ్రం) దగ్గరే మన బరువంతా పడేది.

నా మటుకు నేను క్రాంక్ మార్చేయమంటా. స్క్వేర్ టేపర్ (నాలుగు పలకల ఇరుసు మీద కూర్చునే రకం) అయితే ఎడమ చేయి ఒక్కటే విడిగా దొరుకుతుంది, పెద్ద ఖర్చు కాదు. అది ఏ రకం? పొడవెంత? లోపలి వైపు 165, 170 అని మిల్లీమీటర్లలో అంకె ఉంటుంది చూడు.

బ్యారేజీబాటసారి, ఆదివారం రాత్రి 10.31

స్క్వేర్ టేపరే. 165 అని ఉంది. ఇక్కడ రెండు షాపులకి ఫోన్ చేశా. 170 ఎడమ చేయి ఉందట, 165 కావాలంటే పళ్ల చక్రాలతో సహా సెట్టు మొత్తం తెప్పించుకోవాలట. నేను పొట్టివాణ్ణి, ఈ 165 కోసమే ఈ సైకిల్ కొన్నా. ఒక వైపు 165, ఒక వైపు 170 పెట్టి తొక్కితే మోకాలు ఊరుకుంటుందా?

గొలుసుచప్పుడు, ఆదివారం రాత్రి 10.36

తొక్కేవాళ్లున్నారు గాని నేను చెప్పను.

లేత్‌బాబాయ్ (బాలానగర్), సోమవారం ఉదయం 6.05

బాబూ, తొందరపడి ఏదీ కొనకు. నేను ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. ముందు నీ మర ఎంత పోయిందో తేల్చుకో.

సైకిల్ పెడల్ మర కొలత 9/16 అంగుళం, అంగుళానికి 20 మరలు. అంటే మర మరకీ మధ్య 1.27 మిల్లీమీటర్లు. క్రాంక్ కన్ను మందం 12, 13 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి లోపల సుమారు పది చుట్లు ఉంటాయి. అడ్డంగా ఎక్కించినప్పుడు ముందు నలిగేది బయటి అంచు దగ్గరి రెండు మూడు చుట్లే. లోపలివి చాలాసార్లు బాగానే ఉంటాయి. మనవాళ్లు చేసే పొరపాటు ఏంటంటే, ఆ నలిగిన వైపు నుంచే మళ్లీ ట్యాప్ (మర కోసే పనిముట్టు) పెట్టి తిప్పుతారు. ట్యాప్‌కి దారి చూపించాల్సిన చుట్లే వంకరగా ఉంటే అది ఆ వంకర దారినే పోతుంది. మిగిలిన మంచి మరల్ని కూడా కోసేస్తుంది.

అందుకని వెనక నుంచి రావాలి. క్రాంక్ విప్పి, ఫ్రేము వైపు ముఖం నుంచి ట్యాప్ ఎక్కించు. అక్కడి మరలు చెక్కుచెదరలేదు కాబట్టి ట్యాప్ చేత్తోనే ఎక్కుతుంది, వాటినే పట్టుకుని నిటారుగా ముందుకొచ్చి, చివర్లో నలిగిన చుట్లని సరిచేస్తూ బయటికొస్తుంది.

ట్యాప్ దొరక్కపోతే పాత ఉక్కు పెడల్ ఒకటి పట్టుకో, ఎడమదే అయ్యుండాలి. దాని ఇరుసు మరల మీద పొడవునా రెండు గాళ్లు గ్రైండర్ సన్న డిస్కుతో కోయించు. కోసిన అంచు పదును తేలి కత్తిలా పనిచేస్తుంది. కొత్త మర కోయడానికి అది పనికిరాదు, నలిగినదాన్ని లేపడానికి మాత్రం అల్యూమినియంలో చక్కగా పనిచేస్తుంది. కిరసనాయిలు చుక్కలు వేస్తూ, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. చెత్త బయటికి రానివ్వు. బిగుసుకుంటే ఆపి, వెనక్కి తిప్పి, బ్రష్‌తో తుడిచి మళ్లీ.

క్రాంక్ విప్పడానికి పుల్లర్ (క్రాంక్‌ని ఇరుసు మీద నుంచి లాగే పనిముట్టు) కావాలి. సుత్తితో కొట్టకు.

కొత్తచక్రం (కరీంనగర్), సోమవారం ఉదయం 8.20

బాబాయ్ గారూ, చిన్న అనుమానం. ఎడమ పెడల్‌ది ఎడమ మర అంటారు కదా. వెనక నుంచి ఎక్కిస్తే అది తిరగబడి కుడి మర అవ్వదా? అప్పుడు కుడి ట్యాప్ వాడాలా?

లేత్‌బాబాయ్, సోమవారం ఉదయం 8.34

నట్టుని తీసి తిరగేసి అదే బోల్టుకి ఎక్కించి చూడు నాయనా. ఎక్కుతుంది కదా. మర ఏ వైపు నుంచి చూసినా అదే మర. ఎడమ క్రాంక్‌కి ముందు నుంచైనా వెనక నుంచైనా ఎడమ ట్యాపే, నీ వైపు నుంచి గడియారానికి ఎదురుగా తిప్పితేనే లోపలికి పోతుంది. ఇది నేను ఎంతమంది కుర్రాళ్లకి చెప్పానో లెక్కలేదు, ఒకళ్లూ మొదటిసారి నమ్మలేదు.

డాబామీదసైకిల్ (నెల్లూరు), సోమవారం ఉదయం 9.10

ఇంత హంగామా ఎందుకండీ. మర మీద నాలుగు చుట్లు ప్లంబర్ టేపు చుట్టి, ఎపాక్సీ ముద్ద పెట్టి బిగించేయండి. ఒక రోజు ఆరనిస్తే రాయిలా ఉంటుంది. నా పాత సైకిల్ అలాగే నడిచింది.

గొలుసుచప్పుడు, సోమవారం ఉదయం 9.31

ఎన్నాళ్లు నడిచింది?

డాబామీదసైకిల్, సోమవారం ఉదయం 9.44

...మూడు వారాలు. తర్వాత అమ్మేశా.

పంక్చర్‌పాపయ్య, సోమవారం ఉదయం 9.46

కొన్నాయన ఇదే చర్చ చదువుతుంటే దయచేసి మాట్లాడండి.

సముద్రపుగాలి (విశాఖపట్నం), సోమవారం సాయంత్రం 5.50

నేను ఫిజిక్స్ చెప్పుకునేదాన్ని, కాబట్టి ఆ ఎడమ మర ఎందుకో చెప్పకుండా ఉండలేను. అసలు ఈ పెడల్ అలా ఊడడానికి కూడా దీనితో సంబంధం ఉంది.

చాలామంది అనుకునేది: బేరింగ్ రాపిడి వల్ల ఇరుసు తిరిగి ఊడిపోకుండా ఎడమ మర పెట్టారని. లెక్క వేసి చూస్తే అది తలకిందులు. కుడి వైపు నిలబడి చూడండి. క్రాంక్ గడియారం దిశలో తిరుగుతుంది, పెడల్ మాత్రం పాదం కింద నేలకి సమాంతరంగానే ఉంటుంది. అంటే క్రాంక్‌తో పోలిస్తే పెడల్ ఎదురు దిశలో తిరుగుతున్నట్టు. బేరింగ్ రాపిడి ఇరుసుని ఆ ఎదురు దిశలోకే లాగుతుంది, కుడి మరకి అది విప్పే దిశ. రాపిడి ఒక్కటే లెక్కైతే పెడళ్లన్నీ ఊడిపోవాలి.

ఊడకుండా ఆపేది ఇంకొకటి. ఒక పెన్సిల్‌ని ఎడమ పిడికిట్లో వదులుగా పట్టుకోండి. బయటికొచ్చిన కొనని కుడి చేత్తో గుండ్రంగా తిప్పండి. మీరు తిప్పే దిశకి ఎదురుగా పెన్సిల్ తన చుట్టూ తాను తిరగడం కనిపిస్తుంది. కాస్త పెద్ద రంధ్రంలో కాస్త చిన్న కడ్డీ, బరువు పడే వైపు చుట్టూ మారుతూ ఉంటే, కడ్డీ రంధ్రం గోడ వెంట దొర్లుతుంది. క్రాంక్‌లో ఇరుసు కూడా ఇలాగే కంటికి కనిపించనంత కొద్దికొద్దిగా దొర్లుతుంది. ఆ బలం రాపిడి కంటే చాలా ఎక్కువ. కుడి వైపు కుడి మరని, ఎడమ వైపు ఎడమ మరని అది బిగించే దిశలో తోస్తుంది.

విమానం కంటే ముందు డేటన్‌లో సైకిళ్లు చేసి అమ్మిన రైట్ సోదరులు కూడా 1900 ప్రాంతంలో ఎడమ పెడల్‌కి ఎడమ మర పెట్టి, ఊడని పెడల్ అని ప్రచారం చేసుకున్నారు.

గొలుసుచప్పుడు, సోమవారం రాత్రి 8.02

మేడం, అయితే మన బాటసారి పెడల్ ఎందుకు ఊడింది? మర సరైనదే కదా. మీ లెక్క ప్రకారం ఇంకా బిగుసుకోవాలి.

సముద్రపుగాలి, సోమవారం రాత్రి 8.40

మర అంచులు ఇరుసుని పట్టి ఉంచినంత వరకే ఆ లెక్క. ఆయన ఇరుసు వంకరగా, నాలుగైదు చుట్లని కోసుకుంటూ ఎక్కింది. ఇరుసు భుజం (మర అయిపోయే చోట ఉండే వెడల్పు అంచు) క్రాంక్ ముఖానికి పూర్తిగా ఆనలేదు. ఆనకపోతే తొక్కే ప్రతిసారీ ఇరుసు ఊగుతుంది, ఉక్కు మర మెత్తటి అల్యూమినియం మరని ఆకురాయిలా రాస్తుంది. ఆయన చూసిన వెండి తీగ అదే. ఊడి వచ్చిందనడం కంటే మరల్ని తెంపుకుని లాక్కొచ్చింది అనడం సరైన మాట.

ఇంకొక సంగతి. బేరింగ్ పూర్తిగా బిగుసుకుపోతే మాత్రం రాపిడిదే పైచేయి అవుతుంది, సరైన మర ఉన్నా పెడల్ విప్పుకుంటుంది. పెడల్ని చేత్తో తిప్పి చూడండి బాటసారి గారూ.

బ్యారేజీబాటసారి, సోమవారం రాత్రి 9.15

చూశానండీ, బేరింగ్ హాయిగా తిరుగుతోంది. మీరు చెప్పిందే జరిగింది. పెడల్ భుజానికీ క్రాంక్‌కీ మధ్య సన్న సందు ఉండేది, వాషర్ కోసం వదిలారేమో అనుకున్నా. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది.

రేపు పుల్లర్ అరువు తెచ్చి క్రాంక్ విప్పుతా.

లేత్‌బాబాయ్, సోమవారం రాత్రి 9.28

పుల్లర్ ఎక్కించే ముందు క్రాంక్‌లో దాని మరని గుడ్డతో తుడువు, లోపల వాషర్ ఏదన్నా మిగిలిపోయిందేమో చూడు. పుల్లర్‌ని చేత్తో చివరి దాకా ఎక్కించాకే పానా పట్టు. అర్ధంతరంగా ఎక్కించి లాగితే ఆ మర కూడా పోతుంది. అప్పుడు నువ్వు ఇంకో చర్చ మొదలెట్టాలి.

బ్యారేజీబాటసారి, బుధవారం రాత్రి 10.05

అప్‌డేట్. క్రాంక్ విప్పా. పాత సామాన్ల కొట్లో ఎడమ ఉక్కు పెడల్ ఒకటి దొరికింది. గ్రైండర్ ఉన్న ఫ్రెండ్ దగ్గర బాబాయ్ గారు చెప్పినట్టు రెండు గాళ్లు కోయించా. వెనక నుంచి పెడితే, నిజంగానే, చేతి వేళ్లతో రెండు చుట్లు దిగింది! ఆ సంతోషం చెప్పలేను. కిరసనాయిలు వేసుకుంటూ అరగంట కూర్చుని మొత్తం తిప్పా. బయటి వైపు మరలు మళ్లీ మరల్లా కనిపించాయి.

తర్వాత నా పెడల్‌ని గ్రీజు రాసి బయటి నుంచి వేళ్లతో ఎక్కించా. చివరి దాకా వెళ్లింది. పానా పెట్టి బిగిస్తుంటే బిగుస్తూ బిగుస్తూ, చివరి అర చుట్టు దగ్గర ఒక్కసారిగా జారిపోయింది. మళ్లీ బిగిస్తే మళ్లీ జారింది. బయటికి తీస్తే ఇరుసు మీద ఇంకో వెండి తీగ.

లేత్‌బాబాయ్, గురువారం ఉదయం 6.10

లోపల చుట్లు ఎన్ని బాగున్నాయో లెక్కపెట్టు.

బ్యారేజీబాటసారి, గురువారం ఉదయం 7.02

గట్టిగా చెప్పాలంటే వెనక వైపు మూడు. మిగతావి మొన మొద్దుబారి ఉన్నాయి.

లేత్‌బాబాయ్, గురువారం ఉదయం 7.20

అయితే ఆ మర పని అయిపోయింది. ఏడు చుట్లు ఉంటే ధైర్యంగా తొక్కమనేవాణ్ణి. మూడు చుట్ల మీద నిలబడి బ్యారేజీ దాటొద్దు.

ఇక మిగిలింది రెండు దారులు. ఒకటి హెలికాయిల్, స్ప్రింగులా చుట్టిన స్టెయిన్‌లెస్ తీగ. దాని ప్రత్యేక ట్యాప్‌తో రంధ్రాన్ని పెద్దది చేసి, తీగ చుట్టని లోపల కూర్చోబెడితే దాని లోపలి వైపు మళ్లీ 9/16 మర అవుతుంది. చుట్ట, ట్యాప్ రెండూ ఎడమవే కావాలి, మామూలు హార్డ్‌వేర్ కొట్లో దొరకవు. రెండోది ఉక్కు బుష్, అంటే పెద్దది చేసిన రంధ్రంలో కూర్చోబెట్టే, లోపల మర ఉన్న గొట్టం ముక్క. నేను బుష్ మనిషిని.

గొలుసుచప్పుడు, గురువారం ఉదయం 10.45

ట్యాప్ సంగతి వచ్చింది కాబట్టి నా పరువు పోయినా ఫర్వాలేదని ఇది చెప్తున్నా. నాలుగేళ్ల కిందట నా కుడి క్రాంక్ మర నలిగింది. రాణిగంజ్ పోయి "9/16 ట్యాప్ ఇవ్వండి" అని అడిగితే ఇచ్చారు. మంచి హైస్పీడ్ స్టీల్ ట్యాప్. ఇంటికి తెచ్చి వేస్తే మొదట రెండు చుట్లు పోయింది, తర్వాత బిర్రుగా వచ్చింది, నేను ఇంకా బలం పెట్టా. మొత్తం మర పొడైంది.

తర్వాత తెలిసింది, బజార్లో మామూలుగా దొరికే 9/16 సన్న మర ట్యాప్ అంగుళానికి 18. సైకిల్‌ది 20. వ్యాసం ఒకటే, మర వేరు. కొట్టాయన తప్పేం లేదు, నేను అడిగిందే ఇచ్చాడు. కాబట్టి ట్యాప్ మెడ మీద 20 అని చెక్కి ఉందో లేదో చదవకుండా జేబులో చేయి పెట్టొద్దు. ఎడమదైతే దాని మీద ఎడమ గుర్తు కూడా ఉండాలి.

అందుకే నేను మొదట క్రాంక్ మార్చేయమన్నా. కాలినవాణ్ణి.

లియాన్‌లోతెలుగోడు (ఫ్రాన్స్), గురువారం మధ్యాహ్నం 2.30

ఇక్కడ ఇంకో తమాషా. చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఒక పాత పెజో సైకిల్ సంతలో కొన్నా. పెడళ్లు మార్చుదామని కొత్తవి తెస్తే ఎక్కవు. పాత ఫ్రెంచి క్రాంక్‌ల మర 14 మిల్లీమీటర్లు, మరల మధ్య దూరం 1.25. మనది 14.29, 1.27. ఆ కాస్త తేడా వల్ల ఒక చుట్టు ఎక్కి ఆగిపోతుంది, మూర్ఖంగా తిప్పితే క్రాంక్ పోతుంది. ఊళ్లో సైకిల్ బాగుచేసుకునే సంఘం ఒకటుంది, మన పని మనమే చేసుకోవాలి, పనిముట్లు వాళ్లవి. అక్కడి పెద్దాయన 9/16 ట్యాప్ వేసి రెండు వైపులా పది నిమిషాల్లో కొత్త కొలతకి మార్చేశాడు. రంధ్రం చిన్నది కాబట్టి పెద్ద మరకి మార్చడం కుదిరింది, పెద్దదైతే కుదిరేది కాదు.

బాటసారి గారికి దీనితో పని లేదు, ఊరికే చెప్పాలనిపించింది.

బ్యారేజీబాటసారి, గురువారం రాత్రి 9.00

బుష్‌కే ఫిక్సయ్యా. మా ఆటోనగర్‌లో లేత్‌లకి కొదవలేదు. కానీ సైకిల్ క్రాంక్ అంటే వాళ్లు నవ్వుతారేమో. బాబాయ్ గారూ, వాళ్లకి ఏం చెప్పాలి? కొలతలు ఇస్తే కాగితం మీద రాసుకుని వెళ్తా.

లేత్‌బాబాయ్, శుక్రవారం ఉదయం 5.55

రాసుకో. ముందు క్రాంక్ కన్ను బయటి వ్యాసం కొలువు. 26 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే బుష్ ఆలోచన మానుకో, గోడ పలచనైపోతుంది. కన్ను చుట్టూ వెంట్రుకంత పగులున్నా మానుకో, కొత్తదే కొను. గ్రీజు తుడిచి ఎండలో చూడు.

బాగుంటే, రంధ్రాన్ని 18 మిల్లీమీటర్లకి బోరింగ్ చేయించు. ఇందులోనే అసలు కిటుకు. ఆ రంధ్రం పెడల్ ఆనే ముఖానికి లంబంగా ఉండాలి. ఏమాత్రం ఒరిగినా పెడల్ ఊగినట్టు తిరుగుతుంది, కాలి మడమ అటూ ఇటూ పోతుంది, నెలలో మోకాలు నొప్పి. క్రాంక్ పొడుగ్గా, వంపుగా ఉంటుంది కాబట్టి వైసులో ఎలా పడితే అలా బిగించి డ్రిల్లు దించితే వంకర ఖాయం. పెడల్ ఆనే ముఖాన్ని మిషను బల్లకి సమాంతరంగా డయల్ (ఎత్తుపల్లాలు ముల్లుతో చూపే గేజి) పెట్టి చూసుకుని, కింద రేకు ముక్కలు సర్ది, అప్పుడు బోరింగ్ బారుతో చేయమను. డ్రిల్లుతో ఒద్దు.

బుష్ మైల్డ్ స్టీల్‌ది చాలు. లేత్ మీద ఒక్కసారే పట్టి బయటి వ్యాసం, లోపల మర రెండూ చేయించు, అప్పుడే రెండూ ఒకే కేంద్రం మీద ఉంటాయి. లోపల 9/16, 20, ఎడమ మర. ఎడమ మర అని రెండుసార్లు చెప్పు. బుష్‌కి ఒక చివర 1 మిల్లీమీటరు మందం కాలర్ ఉంచమను. ఆ కాలర్ ఫ్రేము వైపు రావాలి. పెడల్ బిగించినప్పుడు దాని భుజం క్రాంక్ బయటి ముఖానికి ఆని, బుష్‌ని బయటికి లాగుతుంది. కాలర్ వెనక ఉంటే ఆ లాగుడికి ఎదురు నిలబడుతుంది. బయట ఉంటే బుష్ ఊడి పెడల్‌తో పాటు చేతికొస్తుంది. బుష్ పొడవు బయటి ముఖం కంటే జుత్తు వాసి తక్కువే ఉండాలి, లేకపోతే పెడల్ క్రాంక్‌కి బదులు బుష్ మీద ఆనుతుంది.

బుష్ కొద్దిగా బిర్రుగా ఎక్కేట్టు చేసి, బేరింగులు అతికించే లోక్‌టైట్ రాసి నొక్కాలి. ఆ మేడం చెప్పిన దొర్లుడు బుష్ మీద కూడా పనిచేస్తుంది, అందుకని బుష్‌కీ క్రాంక్‌కీ మధ్య గీత మీద, సగం ఇటు సగం అటు వచ్చేలా చిన్న రంధ్రం వేసి 3 మిల్లీమీటర్ల తల లేని స్క్రూ దించితే ఇక కదలదు.

సముద్రపుగాలి, శుక్రవారం ఉదయం 7.30

ఆ "సగం ఇటు సగం అటు" స్క్రూ చదివి లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మా క్లాసులో వాడుకుంటాను బాబాయ్ గారూ.

లేత్‌బాబాయ్, శుక్రవారం ఉదయం 7.41

వాడుకో తల్లీ. మా మేస్త్రి నేర్పింది, నాదేం కాదు.

బ్యారేజీబాటసారి, ఆదివారం రాత్రి 8.20

కన్ను వ్యాసం 28.5. పగుళ్లు లేవు. నిన్న పొద్దున ఆటోనగర్ వెళ్లా. మొదటి రెండు చోట్ల నిజంగానే నవ్వారు, లారీ పనులు వదిలి సైకిల్ పనా అని. మూడో చోట ఒక పెద్దాయన కాగితం చదివి, కళ్లజోడు పైకెత్తి, "ఇది రాసింది ఎవరు?" అన్నాడు. బాలానగర్‌లో రిటైరైన టర్నర్ గారు అన్నా. "అనుకున్నా" అని క్రాంక్ తీసుకున్నాడు.

బోరింగ్‌కి సర్దడానికే ముప్పావు గంట పట్టింది. డయల్ ముల్లు కదలకుండా నిలిచే దాకా రేకు ముక్కలు మారుస్తూనే ఉన్నాడు. కోత మాత్రం ఐదు నిమిషాలు. బుష్ దగ్గర కుర్రాడు అలవాటుగా కుడి మర కోసేశాడు. నేను రెండుసార్లు చెప్పా, మూడోసారి చెప్పాల్సింది. పెద్దాయన ఒక్క మాట కూడా అనకుండా ఆ ముక్క పక్కన పడేసి, మిషను స్క్రూ తిరిగే దిశ మార్చి తనే రెండోది చేశాడు. నా పెడల్‌ని ఎక్కించి చూసి, తీసి, ఇంకో సన్న కోత తీసి, మళ్లీ ఎక్కించి. అలా నాలుగుసార్లు. చివరికి వేళ్లతో మెత్తగా, ఊగకుండా ఎక్కింది.

లోక్‌టైట్ రాసి వైసులో నొక్కి, చిన్న స్క్రూ దించి, ఒక రాత్రి ఆరనిమ్మన్నాడు. కూలీ అడిగితే, సెట్టు మొత్తం కొంటే అయ్యేదాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. కుడి మర బుష్ కూడా జేబులో వేసి పంపాడు, "కుడిది పోయినప్పుడు వాడుకో" అని. వెటకారమో ఆశీర్వాదమో తెలీలేదు.

ఇప్పుడు పెడల్ ఎంత బిగించాలి? మళ్లీ అతి చేస్తానేమో అని టెన్షన్.

గొలుసుచప్పుడు, ఆదివారం రాత్రి 8.48

సుమారు 40 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచి లేకపోతే, 20 సెంటీమీటర్ల పానా చివర ఇరవై కిలోల బరువు వేలాడినంత బలం. ఇరుసు మర మీద గ్రీజు మర్చిపోకు, ఉక్కూ అల్యూమినియం వానాకాలంలో కలిసి పట్టేస్తే విప్పడం నరకం. లోక్‌టైట్ మాత్రం పెడల్ మరకి అంటనివ్వద్దు, అది బుష్ బయటి వైపుకే.

దిశ గుర్తుండకపోతే ఇలా: పానా ఇరుసు మీద నిలువుగా పైకి ఉండేలా పెట్టు. ముందు చక్రం వైపు తోస్తే బిగుస్తుంది, వెనక చక్రం వైపు తోస్తే ఊడుతుంది. కుడైనా ఎడమైనా, బయటి నుంచి పానా అయినా లోపలి నుంచి అలెన్ కీ అయినా ఇదే లెక్క. గడియారం గొడవ వదిలేయ్.

ఇంకొకటి. వేళ్లతో కనీసం మూడు చుట్లు ఎక్కకపోతే పానా ముట్టుకోవద్దు.

పంక్చర్‌పాపయ్య, ఆదివారం రాత్రి 8.55

ఆ ఆఖరి వాక్యాన్ని అట్టపెట్టె మీద రాసుకో బాటసారీ. మళ్లీ రైలెక్కినప్పుడు పనికొస్తుంది.

బ్యారేజీబాటసారి, మూడు నెలల తర్వాత, శనివారం ఉదయం 11.30

పాత చర్చ లేపినందుకు ఏమీ అనుకోకండి. బుష్ వేయించాక ఇప్పటికి 700 కిలోమీటర్లు దాటింది. మొదటి యాభైకి ఒకసారి, రెండొందలకి ఒకసారి పానా పెట్టి చూశా, కదల్లేదు. నిన్న పెడల్ విప్పి చూశా. బుష్ ఉన్న చోటే ఉంది, చిన్న స్క్రూ కూడా. వెండి తీగ లేదు. కొండపల్లి ఎక్కుడు కూడా నిలబడి తొక్కా.

లేత్‌బాబాయ్, శనివారం మధ్యాహ్నం 12.15

సంతోషం. ఆ పెద్దాయనకి నా నమస్కారం చెప్పు.

కొత్తచక్రం, శనివారం సాయంత్రం 6.40

ఇక్కడే అడిగేస్తా. మా పాప సైకిల్‌కి కొత్త పెడళ్లు కొన్నా, క్రాంక్ రంధ్రంలోకి అసలు దూరట్లేదు. పాతవి సన్నగా ఉన్నాయి. ఆ రంధ్రాన్ని ట్యాప్‌తో పెద్దది చేయించొచ్చా?

గొలుసుచప్పుడు, శనివారం సాయంత్రం 6.52

క్రాంక్ రెండు వైపులా కలిపి ఒకే వంచిన ఇనుప కడ్డీయా? అయితే దాని మర 1/2 అంగుళం. క్రాంక్ జోలికి వెళ్లకండి, పెడళ్లు వాపసు ఇచ్చి 1/2 అంగుళంవి అడగండి.

కొత్తచక్రం, శనివారం రాత్రి 7.30

అవును, వంచిన కడ్డీయే. వాపసు ఇచ్చేశా, కొత్తవి వేళ్లతోనే ఎక్కాయి. మూడు చుట్లు లెక్కపెట్టి మరీ.